కార్తీకదీపం: విధి మనుషుల చేతుల మీదుగా వచ్చినంత కాలం

స్టార్ మాలో 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా నడిచిన కార్తీకదీపం గురించి రాస్తున్నాను. 2024లో మొదలైన ‘ఇది నవవసంతం’లో ముఖాలు అవే గానీ కథ వేరు. దాని జోలికి పోను. పాతదాన్ని జియోహాట్‌స్టార్‌లో మొదటి నుంచి చూడాలనుకునేవాళ్లు మా చుట్టుపక్కలే చాలామంది ఉన్నారు. పదిహేను వందలకు పైగా ఎపిసోడ్లు. అంత టైం పెట్టే ముందు, ఎంతవరకు చూడొచ్చు, ఎక్కడ ఆపాలి అని నన్ను అడుగుతుంటారు. నా మాట ముందే చెప్పేస్తా. ఈ కథలో విధి ఆడే ఆట మనుషులు చేసిన పనుల్లోంచి పుట్టినంత కాలం దీనికి సాటి వచ్చే తెలుగు సీరియల్ నేను చూడలేదు. ఆ పనులతో సంబంధం లేకుండా యాక్సిడెంట్లు, గతం మర్చిపోవడాలు మొదలయ్యాక కూర్చుని చూడాల్సింది పెద్దగా లేదు.

నేను కడపలో ఆర్టీసీ బస్టాండుకు దగ్గర్లో మెస్ నడుపుతా. మధ్యాహ్నం భోజనం, రాత్రికి సంగటి, చపాతీ. హాల్లో గోడకు టీవీ ఉంది. రాత్రి 7:30 అంటే మాకు సరిగ్గా గిరాకీ వేళ. కండక్టర్లు, మెడికల్ రెప్పులు, కోచింగ్ పిల్లలు, రిమ్స్‌లో పేషెంట్ల వెంట వచ్చినవాళ్లు, వీళ్లందరి మధ్యలో తిరుగుతూ, వడ్డిస్తూ చూసిన సీరియల్ ఇది. ఐపీఎల్ వచ్చినప్పుడు అదీ ఇదీ ఒకే టైం కాబట్టి కుర్రాళ్లకూ మిగతావాళ్లకూ రిమోట్ దగ్గర గొడవ అయ్యేది. చాలా రాత్రులు సీరియలే గెలిచేది. క్రికెట్ పెట్టమన్నవాళ్లే చేయి కడుక్కున్నాక కూడా లేవకుండా చూసేవాళ్లు.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. దీప నల్లగా ఉంటుంది. సవతి తల్లి భాగ్యం చేతిలో మాటలు పడుతూ పెరిగింది. కార్తీక్ గుండె డాక్టరు, కలిగిన ఇంటి బిడ్డ. రంగు చూడకుండా ఆమె మనసు చూసి పెళ్లి చేసుకున్నాడు. అతని మీద ఆశ పెట్టుకున్న డాక్టర్ మోనిత, అతనికి పిల్లలు పుట్టరని దొంగ రిపోర్టుతో నమ్మించింది. ఆ తర్వాత దీప కడుపుతో ఉందని తెలిసింది. ఇంకేముంది, ఆ బిడ్డ తనది కాదని కార్తీక్ తేల్చేసుకున్నాడు. దీప ఇల్లు విడిచింది. కవల ఆడపిల్లలు పుట్టారు. ఒకరు దీప దగ్గర పెరిగింది, శౌర్య. రెండో బిడ్డను అత్త సౌందర్య తెచ్చి, అనాథ అని చెప్పి కొడుకు చేతిలో పెట్టింది. ఆ బిడ్డ హిమ.

కన్న కూతురిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ‘నాకు పిల్లలు పుట్టే రాత లేదు’ అని కుమిలిపోయే తండ్రి. ఈ ఒక్క ముడి మీదే కథ ఏళ్ల తరబడి నడిచింది.

సాగదీశారని తిట్టేవాళ్లు తిట్టారు. నేను మాత్రం జనాన్ని గమనించాను. మా హాల్లో ఎవరూ ‘తర్వాత ఏమవుతుంది’ అని అడగలేదు. ‘వీడికి ఎప్పుడు తెలుస్తుంది’ అని అడిగారు. రెండింటికీ చాలా తేడా ఉంది. ఏమవుతుందో చూసేవాడికి కథ తెలియగానే పని అయిపోతుంది. ఎప్పుడు తెలుస్తుందా అని ఎదురుచూసేవాడికి అన్నీ ముందే తెలుసు. తెలిసి కూడా చెప్పలేకపోవడమే వాడి బాధ. పులివెందుల బస్సు మీద పనిచేసే కండక్టరు ఒకాయన, కార్తీక్ శౌర్యను తిట్టి పంపే సీను వచ్చినప్పుడు, నోట్లో ముద్ద పెట్టుకోబోతున్న చేతిని కిందికి దించి ‘ఓరి నాయనా, నీ బిడ్డేరా అది!’ అని టీవీ మీద అరిచాడు. హాలంతా ఆయన వైపు తిరిగింది, ఎవరూ నవ్వలేదు. పక్కాయన ‘ఆ సౌందర్యమ్మన్నా నోరు తెరిచి చెప్పొచ్చు కదన్నా’ అన్నాడు. కాసేపు ఇద్దరూ ఆ ఇంటి మనుషులైపోయి మాట్లాడుకున్నారు.

మా జేజినాయన పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. మా జిల్లా నాటకాల గడ్డ. 1885లో సురభి నాటక సమాజం పుట్టింది మా జిల్లాలోని సురభి గ్రామంలోనే. చిన్నప్పుడు ఆయన వెంట వెళ్లి హరిశ్చంద్ర నాటకం కాటిసీను చూసేదాన్ని. చంద్రమతి చచ్చిపోయిన కొడుకును మోసుకుని కాటికి వస్తుంది. కాటికాపరి సుంకం కట్టమంటాడు. నా దగ్గర ఏమీ లేదంటుంది. మెడలో మాంగల్యం ఉంది కదా అంటాడు. ఆ మాంగల్యం భర్తకు తప్ప ఎవరికీ కనపడదు. ఆ మాటతో ఆమెకు అర్థమవుతుంది, ఎదురుగా ఉన్నది ఎవరో. కింద కూర్చున్న జనానికి ఇదంతా నోటికొచ్చు. అయినా ఆ మాట కోసమే తెల్లవారుజాము దాకా చలిలో కూర్చుంటారు.

కార్తీకదీపం తీసినవాళ్లకు ఈ కిటుకు బాగా తెలుసు. కార్తీక్‌కు కూడా అలాంటి గుర్తు రోజూ ఎదురుగా తిరుగుతుంటుంది. శౌర్యను ‘రౌడీ’ అని ముద్దుగా పిలుస్తాడు. ఆ పిల్ల కనిపించకపోతే వెలితి పడతాడు. ఆ పిల్ల తల్లి కనిపిస్తే మాత్రం ముఖం తిప్పుకుంటాడు. అటు హిమకు ‘వంటలక్క’ అంటే, వంట చేసి బతికే దీప అంటే, ప్రాణం. కన్నతల్లి అని తెలియకుండానే కొంగు పట్టుకుని తిరుగుతుంది. నలుగురికీ ఒకరంటే ఒకరికి ప్రేమ ఉంది, ఆ ప్రేమకు ఏ పేరు పెట్టుకోవాలో ఎవరికీ తెలియదు. కాటిసీనులో గుర్తు కనిపించగానే కథ ముగుస్తుంది. ఇక్కడ గుర్తు రోజూ కనిపిస్తున్నా చూసేవాడు చూడడు.

నాకు అన్నింటికంటే నచ్చింది సౌందర్య పాత్ర. అర్చన అనంత్ చేసింది. మొదట్లో ఆమెకు నలుపంటే అసహ్యం. నల్లపిల్ల తన ఇంటి కోడలు కావడమే తట్టుకోలేకపోయింది. ఆ సౌందర్యే తర్వాత కోడలికి మిగిలిన ఒకే ఒక దిక్కు అవుతుంది. మనవరాలిని కళ్ల ముందు ఉంచుకోవడానికి అబద్ధం ఆడింది. ఆ అబద్ధమే ఆమె గొంతుకు అడ్డం పడింది. నిజం చెబితే కొడుకు హిమను కూడా దూరం చేసుకుంటాడేమో అన్న భయం, చెప్పకపోతే కోడలు నిందతో బతకాలి. ఇంటి పెద్దగా అందరి మీదా అధికారం చూపించే మనిషి, ఈ ఒక్క విషయంలో పెదవి విప్పలేక అల్లాడుతుంది. పైనుంచి ఏదో వచ్చి ఆమె నెత్తిన పడలేదు. ఏ రంగును అసహ్యించుకుందో ఆ కోడలి ముందే తలదించుకోవాల్సి వచ్చింది. ఏ చేత్తో బిడ్డను తెచ్చిందో ఆ చేతితోనే తన నోరు కట్టేసుకుంది. విధి అంటే ఇలా రావాలి.

సవతి తల్లి భాగ్యం కథ కూడా ఇలాంటిదే, దాన్ని కాస్త నవ్విస్తూ చెప్పారు. నల్లపిల్లకు ఎవరు దొరుకుతారని దెప్పిపొడిచిన మనిషి, తన సొంత కూతురు శ్రావ్యను ఇచ్చింది కూడా ఆ ఇంటికే, దీపకు తోడికోడలిగా.

రిపోర్టు సంగతికి వస్తా, ఎందుకంటే అందరూ అక్కడే తప్పు పడతారు. ఒక ల్యాబ్ టెక్నీషియన్ మా దగ్గర రాత్రి భోజనం చేసేవాడు. మగవాళ్లకు ఆ పరీక్ష ఒక్కసారి చేసి తేల్చరని, కొన్ని రోజుల తేడాతో కనీసం రెండుసార్లు చూడాలని చెప్పాడు. డాక్టరు అయ్యుండి ఒక్క కాగితం నమ్మడమేంటక్కా, ఇంకో ల్యాబుకు పోతే పది నిమిషాల్లో సీరియల్ అయిపోతుంది కదా అన్నాడు. అతని మాట వైద్యం ప్రకారం సరైనదే. కానీ కథ ప్రకారం నాకు ఆ లోటు లోటుగా అనిపించలేదు. అనుమానం పట్టిన మగవాడు తప్పు నిరూపించే కాగితం కోసం తిరుగుతాడు గానీ, తన అనుమానం తప్పని చూపించే కాగితం కోసం తిరగడు. రోజూ పది మందికి ఇంకోసారి టెస్టు చేయించుకోండని రాసిచ్చే చేయి, తన విషయంలో ఆ చీటీ రాసుకోలేదు. ఇందులో నాకు అబద్ధం కనిపించలేదు. ఇలాంటి చదువుకున్నవాళ్లను మెస్‌లో కూడా చూస్తుంటాను. నా ఫిర్యాదు వేరే. ఈ మాటను ఎవరితోనైనా అతని మొహం మీద అడిగించాల్సింది. ‘ఎందుకు ఇంకోసారి చేయించుకోలేదు?’ అని దీప ఒక్కసారి గట్టిగా నిలదీసి, అతను జవాబు చెప్పలేక నిలబడే సీను ఒకటి కథ నడిబొడ్డున ఉండాల్సింది. అన్ని ఏళ్లు నడిపి, అంత కన్నీళ్లు కార్పించి, ఆ ప్రశ్న బరువును మాత్రం సరిగా మోయలేదు.

ఇక అసలు విషయం. ఈ సీరియల్‌ను ఎందుకు చూడాలో ఒక్క కారణం చెప్పమంటే 2021 నాటి మలుపు చెప్తా. నిజం తెలుసుకుని కార్తీక్ దీపను ఇంటికి తెచ్చుకుంటాడు. జనం ఊపిరి పీల్చుకున్నారు. ఇక శుభం కార్డు పడుతుందనుకున్నారు. అప్పుడు మోనిత వచ్చి, నా కడుపులో పెరుగుతున్నది కార్తీక్ బిడ్డ అంటుంది. కార్తీక్ తప్పు చేయలేదు. ఆమె వైద్యం తెలిసిన బుద్ధితో, అతనికి తెలియకుండా, ల్యాబు దారిలో తల్లి అయింది. కానీ ఆ మాట ఎవరు నమ్మాలి?

ఇప్పుడు చూడండి. ఏ తప్పూ చేయని దీప, నన్ను నమ్మండి అని ఏళ్ల తరబడి ఏడ్చింది. నమ్మలేదు. ఇప్పుడు ఏ తప్పూ చేయని కార్తీక్, నన్ను నమ్ము అని దీప ముందు నిలబడ్డాడు. అప్పుడు కడుపే సాక్ష్యం, ఇప్పుడూ కడుపే సాక్ష్యం. అప్పుడు రిపోర్టు దొంగది, మనిషి నిజం. ఇప్పుడు బిడ్డ నిజం, నింద దొంగది. తను దీపను ఎక్కడ నిలబెట్టాడో సరిగ్గా అక్కడే నిలబడ్డాడు. అంతకంటే గొప్ప విషయం ఏమిటంటే, దీప కూడా మొదట నమ్మలేకపోయింది. అన్ని బాధలు పడి, నింద అంటే ఏమిటో ఎముకల దాకా తెలిసిన మనిషి కూడా, తన వంతు వచ్చేసరికి అనుమానపడింది. దేవతలా చూపిస్తూ వచ్చిన దీపను ఆ ఎపిసోడ్లలో మనిషిగా చూపించారు. మా హాల్లో ఆడవాళ్లు రెండు జట్లయ్యారు. ‘ఆమె పడిన బాధ వాడికీ తెలియాల, తెలియనీ’ అని కొందరు. ‘ఆమె కూడా వాడి మాదిరే చేస్తే ఇంక తేడా ఏముండాది’ అని ఇంకొందరు. పెరుగన్నం ఆరిపోతున్నా వాదన ఆగలేదు. మలుపు అంటే ఇదీ. చూసిన మనిషి తన మనసును ఒకసారి తడిమి చూసుకోవాలి.

ఆ వెంటనే వచ్చే జైలు కథ కూడా ఈ దారిలోదే. మోనితను చంపాడన్న నింద మీద కార్తీక్ జైలుకు పోతాడు. మోనితేమో బతికే ఉంటుంది. రుజువు లేకుండా భార్యకు శిక్ష వేసినవాడికి, చేయని నేరానికి శిక్ష. ఇది కాస్త ఎక్కువైనా, వెనక ఒక లెక్క ఉంది కాబట్టి ఒప్పుకున్నా.

మా ఇంట్లో జరిగినదొకటి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే నేను ఈ సీరియల్‌ను చూసే చూపు దాంతోనే వచ్చింది. మా అక్క నాకంటే నలుపు. పెళ్లిచూపులకు వచ్చిన ఒకామె, పిల్లవాడు సరేనన్నా కూడా, ‘ఈ పిల్ల ఇంట్లో తిరుగుతుంటే పగలు కూడా లైటు వేసుకోవాల’ అని మా అమ్మ ముందే అనేసి లేచిపోయింది. ఎన్నో ఏళ్లు గడిచాక, ఆమె భర్త ఆసుపత్రిలో ఉంటే భోజనానికి మా మెస్‌కు వచ్చింది. ఆ రోజు పనిమనిషి రాలేదని అక్కే వడ్డించింది. ఇంకొంచెం పప్పు వేయనా అమ్మా అని అడిగింది. వేయించుకుంది. తిని లేస్తూ, ‘చెయ్యి మంచిది తల్లీ, చల్లగుండు’ అని దీవించి, డబ్బులిచ్చి పోయింది. గుర్తుపట్టలేదు. అక్క లోపలికి వచ్చి, గిన్నె కింద పెట్టి, ఎవరో తెలుసా అని నాకు చెప్పింది. అంతే. సీరియల్ అయితే అక్కడ మూడుసార్లు ముఖాలు చూపించి, వెనక మ్యూజిక్ వేసి, ఆమెతో కాళ్లు పట్టించేవాళ్లు. బతుకులో అలాంటిది జరిగితే తెలిసేది ఒక్కరికే, ఆ ఒక్కరు కూడా చేయి తుడుచుకుని పనిలో పడతారు. అక్క తర్వాత ఏ రోజూ ఆ మాట ఎత్తలేదు. కానీ సౌందర్య మొదటిసారి దీప చేయి పట్టుకుని ఏడ్చే సీను వచ్చినప్పుడు, వంటగది గుమ్మంలో నిలబడి చివరి దాకా చూసింది. ఈ సీరియల్ చేసిన మేలు నాకు అక్కడ కనిపించింది.

అందుకే ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. దీపగా చేసిన ప్రేమి విశ్వనాథ్ నల్లమనిషి కాదు. రంగు పూసి నల్లగా చూపించారు. ఈ కథకు మూలం మలయాళంలో ఏషియానెట్‌లో వచ్చిన కరుత్తముత్తు. అక్కడా మొదట ఆమే చేసింది, అక్కడా రంగే. నల్లపిల్లను చులకన చేయొద్దని వందల గంటలు చెప్పే కథలో, నల్లటి నటికి ఆ వేషం ఇవ్వలేకపోయారు. మధ్యలో యాడ్లు వస్తే ముఖం తెల్లబడే క్రీములు. ప్రేమి విశ్వనాథ్ నటన మీద నాకు ఒక్క మాట కూడా లేదు. కళ్లతోనే సగం మాటలు చెప్పగల నటి. ఏడుపును గొంతులో ఆపుకుని మాట్లాడే సీన్లలో ఆమెను మించినవాళ్లు తెలుగు టీవీలో తక్కువ. కానీ చూసే నల్లపిల్లకు ఈ తేడా కనిపిస్తుంది. మా దగ్గర కోచింగుకు వచ్చే ఒక పాప, ‘ఆమె ఇంటర్వ్యూలో తెల్లగా ఉంది ఆంటీ’ అని అన్నప్పుడు ఆ గొంతులో నిరాశ నాకు వినపడింది. కాపుగంటి రాజేంద్ర గారి దర్శకత్వంలో ఇన్ని మంచి సీన్లు వచ్చాయి, ఈ ఒక్కటి ఎవరూ సరిచేయలేదు.

వంట గురించి కూడా చెప్పాలి, అది నా పని కాబట్టి. దీప వంట చేసి బతుకుతుంది. ఆ పేరుతోనే రెండు రాష్ట్రాల్లో అందరికీ తెలిసింది. మా మెస్‌కు వచ్చేవాళ్లు కూడా కొందరు నన్ను వంటలక్కా అని పిలవడం మొదలుపెట్టారు. అది నాకు గౌరవంగానే అనిపించింది. వంట చేసి బతికే ఆడదాన్ని టీవీలో పనిమనిషిగా కాకుండా కథకు నాయికగా చూపించడం చిన్న విషయం కాదు. కానీ ఆ వంటగది నిజం వంటగది కాదు. పెద్ద దబరలో సంగటి కెలికేవాళ్ల ముంజేతులు చూడండి, ఆవిరి మచ్చలు లేని చేయి ఉండదు. దీప చేతులు నున్నగా ఉంటాయి. సిలిండర్ ఎప్పుడు అయిపోతుందో అన్న లెక్క, అరువు పెట్టి పోయినవాడి ఖాతా, మిగిలిపోయిన అన్నం ఏం చేయాలన్న దిగులు, వీటిలో ఒక్కటైనా చూపించి ఉంటే ఆమె పడిన కష్టం ఇంకా లోతుగా దిగేది. ఏడుపు చూపించినంత వివరంగా పని చూపించలేదు.

తాడికొండ భాగం వచ్చేసరికి ఈ లోటు కొంత తీరింది. ఉన్నదంతా పోగొట్టుకుని ఆ కుటుంబం పల్లెకు చేరుతుంది. డాక్టరుగా బతికిన కార్తీక్ హోటల్లో సర్వర్‌గా పనిచేస్తాడు, ఇంట్లో చెప్పకుండా. వంట చేసి బతికినందుకు ఒకప్పుడు దీపను తక్కువగా చూసిన మనుషుల ఇంటి కొడుకు, ఎంగిలి టేబుల్ తుడుస్తున్నాడు. దీప ఆ సంగతి చూసేసే సీను నాకు చాలా ఇష్టం. కార్తీక్‌గా చేసిన నిరుపమ్ పరిటాల మామూలుగా గంభీరంగా, కాస్త బిగుసుకుని కనిపిస్తాడు. ఇక్కడ మాత్రం ప్లేట్లు ఎత్తే చేతుల్లో తడబాటు చూపించాడు, అలవాటు లేని పని చేసేవాడి తడబాటు. అది నేను రోజూ కొత్తగా పనికి చేరిన పిల్లల్లో చూస్తా. ఆ భాగంలోనే మోనిత బిడ్డ తిరిగి తిరిగి దీప ఒళ్లోకి చేరతాడు, ఎవరి బిడ్డో తెలియకుండా. మోనిత కోరుకున్నది కార్తీక్‌ను. దక్కింది అతని బిడ్డ. ఆ బిడ్డ కూడా చివరికి తను ఎవరి కాపురం కూల్చిందో ఆ దీప చేతి ముద్దలు తింటాడు. కార్తీక్ అనాథ అనుకుని సొంత బిడ్డను పెంచాడు, దీప ఎవరో అనుకుని శత్రువు బిడ్డను పెంచింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే రాసినవాళ్ల పట్టు తెలుస్తుంది. శోభా శెట్టి మోనిత పాత్రను అరుపులతో కాకుండా, గెలిచానన్న నమ్మకంతో చేసింది. అందుకే ఓడినప్పుడల్లా నిజంగా ఓడినట్టు కనిపించింది.

తర్వాత 2022లో కారు ప్రమాదం. దీప, కార్తీక్ చనిపోయారన్నారు. పిల్లలు ఒక్కసారిగా పెద్దవాళ్లయ్యారు. హిమ డాక్టరు, శౌర్య జ్వాల పేరుతో ఆటో నడుపుతుంది. అమ్మానాన్నల చావుకు హిమే కారణమని శౌర్యకు పగ. ఇద్దరూ ఒకే అబ్బాయిని ప్రేమిస్తారు. ఇందులో కూడా విధి ఉంది, గుర్తుపట్టకపోవడాలు ఉన్నాయి, అన్నీ పాత దినుసులే. కానీ తాలింపు ఒకసారే పెట్టాలి, అదే గరిటెలో మళ్లీ మళ్లీ వేడి చేస్తే మాడు వాసనే మిగులుతుంది. పాత కథలో కార్తీక్‌కు నిజం తెలియకపోవడానికి అతని గుణమే కారణం. కొత్త కథలో శౌర్యకు తెలియకపోవడానికి కారణం, ఆ పూట ఎవరో మధ్యలో వచ్చి మాట ఆపేయడం. చెప్పబోతుంటే ఫోన్ మోగడం. ఇంకొంచెం అయితే కనిపిస్తారనగా ఆటో పక్కనుంచి వెళ్లిపోవడం. ఒకటి రెండుసార్లు అయితే పోనీలే అనుకోవచ్చు. వారమంతా అదే అయితే, అది విధి కాదు, రేపటి ఎపిసోడ్ కోసం కట్టిన అడ్డుగోడ.

దీప, కార్తీక్ బతికే ఉన్నారని మళ్లీ తెచ్చారు. అతనికి గతం గుర్తులేదు, మోనిత పక్కన ఉంటాడు. ఈ దశలోనే నాకు నిజంగా బాధ వేసింది. కార్తీక్ దీపను మర్చిపోవడానికి తలకు తగిలిన దెబ్బ కారణమైతే, అందులో అతను చేసిందేమీ లేదు. తిట్టడానికి లేదు, జాలిపడటానికి కూడా పెద్దగా లేదు. మొదట అతను దీపను గుర్తుంచుకుని కూడా దూరం పెట్టాడు. అదే భయంకరం, అదే కథ. తలకు దెబ్బ తగిలి మర్చిపోవడం చాలా సులువైన దారి. మా హాల్లో కూడా మార్పు తెలిసిపోయింది. తినేసి లేచిపోయేవాళ్లు. కండక్టరాయన ఒకరోజు తనే రిమోట్ అందుకుని వార్తలు పెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు.

ఎలా చూడాలో చెప్తా. మొదటి పెళ్లి కథ కాస్త వేగంగా జరుపుకున్నా నష్టం లేదు. శౌర్యను తీసుకుని దీప మళ్లీ కార్తీక్ ఉన్న ఊరికి చేరినప్పటి నుంచి నిదానంగా చూడండి. పిల్లలిద్దరూ ఒకరికొకరు తెలియకుండా దగ్గరయ్యే ఎపిసోడ్లు వదలొద్దు. మధ్యలో వారాల తరబడి మోనిత ఫోన్లు, దొంగచాటు మాటలు ఉంటాయి. వాటిని పది సెకన్ల చొప్పున జరిపేయొచ్చు. నిజం తెలిసే భాగం, ఆ తర్వాత కార్తీక్ మీద నింద పడే భాగం మాత్రం ఒక్క ఎపిసోడ్ కూడా వదలకుండా, వీలైతే ఇంట్లోవాళ్లతో కలిసి చూడండి. ఒంటరిగా ఫోన్‌లో చూస్తే సగమే దక్కుతుంది. పక్కన వాదించడానికి ఒక మనిషి ఉండాలి. తాడికొండ హోటల్ ఎపిసోడ్ల తర్వాత, కారు ప్రమాదం దగ్గర ఆపేయండి. అక్కడి వరకు ఐదుకు నాలుగున్నర ఇస్తా. ఆ తర్వాతి దానికి ఒకటిన్నర, అది కూడా ప్రేమి విశ్వనాథ్ కోసం.